షికాగో జనాభా లెక్క రాసేముందు

చిరంజీవి అమ్ములుకు,

నాన్న ఆశీస్సులు. షికాగోలో ఏ జాతివాళ్లు ఎంత శాతమో ఒక్క పేజీలో రాసిమ్మన్నారని, మూడు చోట్ల చూస్తే మూడు రకాల అంకెలు కనిపించాయని రాశావు. ఆ మూడూ నిజమే అయ్యుండొచ్చు. అమెరికా సెన్సస్ ఈ సంగతి రెండు ప్రశ్నలుగా అడుగుతుంది. ఎవరు ఏ ప్రశ్న జవాబు తీసుకున్నారో చెప్పకుండా అంకె ఒక్కటే ఎత్తి రాస్తే ఇలాగే తేడాలొస్తాయి.

2020 ఫారంలో మొదటి ప్రశ్న: నువ్వు హిస్పానిక్ లేదా లాటినోవా (అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లా), కాదా? రెండోది: నీ రేస్ ఏది? తెల్ల, నల్ల, అమెరికన్ ఇండియన్, ఏషియన్, పసిఫిక్ దీవులవాళ్లు, ఇవేవీ కాకపోతే ‘మరో రేస్’. 2000 నుంచి ఒకటికి మించి టిక్ పెట్టుకోవచ్చు. ఈ రెండు ప్రశ్నలూ వేటికవే. మెక్సికో మూలాలున్న మనిషి హిస్పానిక్ అవునని పెట్టి, రేస్ దగ్గర తెల్ల అనైనా పెట్టొచ్చు, మరో రేస్ అనైనా పెట్టొచ్చు, రెండూ కలిపైనా పెట్టొచ్చు. అందుకే తెల్ల, నల్ల, ఏషియన్, హిస్పానిక్ శాతాలు పక్కపక్కన పేర్చి కూడితే వంద దాటిపోతుంది. హిస్పానిక్‌లు రెండుసార్లు కూడికలోకి వచ్చేస్తారు.

దీనికి మందు పి2 పట్టిక. 2020 సెన్సస్ నుంచి నియోజకవర్గాల విభజన కోసం ముందుగా విడుదల చేసిన పి.ఎల్. 94-171 ఫైల్లో ఉంటుంది. పి1లో రేస్ మాత్రమే ఉంటుంది. పి2 ముందు హిస్పానిక్‌లను ఒక పక్కకు తీసి, మిగిలినవాళ్లను రేస్ వారీగా విడదీస్తుంది. ఒక మనిషి ఒక్కచోటే లెక్కకొస్తాడు. షికాగో నగరానికి అది ఇలా ఉంటుంది: మొత్తం 27,46,388. హిస్పానిక్ కాని తెల్లవాళ్లు 8,63,622, అంటే 31.4 శాతం. హిస్పానిక్‌లు 8,19,518, 29.8 శాతం. హిస్పానిక్ కాని నల్లవాళ్లు 7,87,551, 28.7 శాతం. ఏషియన్లు 1,89,857, 6.9 శాతం. మిగతా అందరూ కలిపి 3.1. కూడితే 99.9 వస్తుంది. దశాంశాలు సవరించడం వల్ల వచ్చిన తేడా అది, అలాగే వదిలెయ్. వంద చెయ్యడానికి ఎవరికో ఒకరికి 0.1 తగిలించే అలవాటు చాలామందికి ఉంది, నువ్వు చేసుకోకు.

2010తో పోల్చమన్నారేమో, అక్కడ ఇంకాస్త జాగ్రత్త కావాలి. పి1లో ‘తెల్ల మాత్రమే’ వరుస చూస్తే షికాగోలో తెల్లవాళ్లు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పి2లో హిస్పానిక్ కాని తెల్లవాళ్ల సంఖ్య కాస్త పెరిగింది. మరి పడిపోయిందెవరు? ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఫారం మారింది. 2020లో తెల్ల, నల్ల గడుల కింద మూలం రాసుకోవడానికి కొత్తగా గీత పెట్టారు. రాసినదాంట్లో అంతకుముందు 30 అక్షరాలు, రెండు కోడ్‌లు (ఒక్కో మూలానికి ఇచ్చే గుర్తు సంఖ్యలు) మాత్రమే తీసుకునేవాళ్లు, ఈసారి 200 అక్షరాలు, ఆరు కోడ్‌ల దాకా తీసుకున్నారు. తెల్ల అని టిక్ పెట్టి కింద మెక్సికన్ అని రాసినవాడు ఇప్పుడు ‘తెల్ల, మరో రేస్’ కింద రెండు రేస్‌లవాడయ్యాడు. దేశం మొత్తం మీద ‘తెల్ల మాత్రమే’ అని లెక్కకొచ్చిన హిస్పానిక్‌లు 2.67 కోట్ల నుంచి 1.26 కోట్లకు తగ్గారు, రెండు అంతకుమించిన రేస్‌ల జనాభా 90 లక్షల నుంచి 3.38 కోట్లకు ఎగబాకింది. పదేళ్లలో అన్ని పెళ్లిళ్లు, అన్ని పురుళ్లు జరగలేదు. మిశ్రమ జాతి జనాభా పెరిగిందని శీర్షిక పెడితే సగం అబద్ధం రాసినట్టే. నల్లవాళ్ల సంగతి వేరు, అక్కడి తగ్గుదల నిజమైనది. పి2 ప్రకారం పదేళ్లలో షికాగోలో సుమారు 85,000 మంది తగ్గారు.

ఇంకా వెనక్కి వెళ్తే ‘ఏషియన్’ వరుస కూడా ఒకటే వరుస కాదు. 1970లో మన భారతీయులను తెల్లవాళ్లలో కలిపేశారు. 1980లోనే ‘ఏషియన్ ఇండియన్’ గడి వచ్చింది. 2000లో పసిఫిక్ దీవులవాళ్లను ఏషియన్ల నుంచి విడదీశారు. కాబట్టి 1970 నుంచి 2020 దాకా ఒకే గీతగా గ్రాఫ్ గియ్యొద్దు. 1980 దగ్గర, 2000 దగ్గర గీత తెంచు.

నగరం అంటే ఏదో కూడా పేజీలో రాయాలి. షికాగో నగరం, అది ఉన్న కుక్ కౌంటీ, శివార్లన్నీ కలిసిన మెట్రో ప్రాంతం మూడూ మూడు. కౌంటీలో 52.7 లక్షలు, మెట్రోలో 96 లక్షలు. భారతీయులు బాగా ఉన్న నేపర్‌విల్, షామ్‌బర్గ్ నగరం హద్దులో లేవు. మెట్రో అంకె తీసుకుని నగరం పేరు పెడితే ఏషియన్లు, తెల్లవాళ్లు పెరిగిపోతారు, నల్లవాళ్లు తగ్గిపోతారు. అరబ్బుల విషయంలో రెండు చిక్కులూ ఒకేసారి వస్తాయి. వాళ్లు ఎక్కువగా ఉండే బ్రిడ్జ్‌వ్యూ శివారు ఊరు, పైగా 2020 ఫారం ‘తెల్ల’ గడి కిందే లెబనీస్, ఈజిప్షియన్ అని ఉదాహరణలిచ్చింది. నగరం పి2లో వాళ్లను వెతకడం దండగ.

ఏషియన్లలో ఎవరెంతమందో కావాలంటే అమెరికన్ కమ్యూనిటీ సర్వేకి వెళ్లు: బి02015 ఏషియన్ మాత్రమే అన్నవాళ్లకు, బి02018 ఇంకో రేస్‌తో కలిపి అన్నవాళ్లను కూడా చేర్చి. రెండింటిలో ఏది తీసుకున్నావో రాయి. ఇంట్లో మాట్లాడే భాష బి16001లో ఉంటుంది. 2016 నుంచి తెలుగుకు సొంత వరుస ఉంది (అంతకుముందు ఇతర భాషల గుంపులో పడేసేవాళ్లు). ఆ పట్టిక అయిదేళ్లు నిండినవాళ్లదే, పసిపిల్లలు ఉండరు.

కానీ ఈ సర్వే తల తలా లెక్కపెట్టింది కాదు, ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలకు పంపే శాంపిల్. ప్రతి అంకె పక్కన 90 శాతం నమ్మకంతో తప్పు హద్దు (అసలు సంఖ్య అటూ ఇటూ ఎంత ఉండొచ్చో) ఇస్తారు, దాన్ని వదిలేసి అంకె ఒక్కటే కాపీ చెయ్యకు. ఉదాహరణకు ఒక పేటలో ఏదో గుంపు 1,200 అని, పక్కన తప్పు హద్దు 480 అని ఉందనుకో. 480ని 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం దాదాపు 292 వస్తుంది, అది 1,200లో 24 శాతం. నా మట్టుకు 30 దాటితే ఆ అంకె పేజీలోకి రానివ్వను. ట్రాక్టులు (సెన్సస్ ఊరిని విడదీసిన చిన్న ప్రాంతాలు) కలిపితే అంకెలు కూడాలి గానీ తప్పు హద్దులు నేరుగా కూడకూడదు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తియ్యాలి. 2020 ఒక్క ఏడాది సర్వే కోవిడ్ వల్ల జవాబులు సరిగా రాక ప్రయోగాత్మక లెక్కగానే విడుదలైంది, దాని జోలికి వెళ్లకు.

అసలు నన్నడిగితే, షికాగోకి శాతాల పట్టిక ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే. ఒక్కో శాతాన్ని వందతో భాగించి, వర్గం చేసి కూడి, ఒకటిలోంచి తీసెయ్: 0.099, 0.089, 0.082, 0.005, మిగతావి లెక్కలోకి రానంత. ఫలితం 0.72. అంటే ఎవరో ఇద్దరిని కళ్లు మూసుకుని ఎంచితే 72 శాతం సార్లు వేర్వేరు గుంపులవాళ్లు తగులుతారు. 2020లో దేశం మొత్తానికి ఇది 61.1. ఎంత కలగలిసిన ఊరో అనిపిస్తుంది కదా. నల్లవాళ్లే ఎక్కువగా ఉండే ఇంగిల్‌వుడ్ పేట, తెల్లవాళ్లే ఎక్కువగా ఉండే లింకన్ పార్క్ పేట అంకెలు పక్కపక్కన పెట్టి చూడు, ఆ భ్రమ వదిలిపోతుంది.

కాబట్టి ఎంత విడివిడిగా ఉంటున్నారో చెప్పే రెండో అంకె కూడా ఇవ్వు. ఒక్కో ట్రాక్టులో ఉన్న నల్లవాళ్లు నగరంలోని మొత్తం నల్లవాళ్లలో ఎంత భాగం, తెల్లవాళ్లు మొత్తం తెల్లవాళ్లలో ఎంత భాగం అని తీసి, తేడా తీసుకో. గుర్తు వదిలేసి అన్ని ట్రాక్టులవీ కూడి సగం చెయ్. సున్నా వస్తే సమంగా కలిసున్నట్టు, ఒకటి వస్తే పూర్తిగా విడివిడిగా ఉన్నట్టు. ట్రాక్టు అంటే ఇంచుమించు 4,000 మంది, దీనికి సరిపోతుంది. ట్రాక్టు కంటే చిన్న ముక్కలైన బ్లాకుల మీద మాత్రం చెయ్యకు. 2020లో గోప్యత కోసం అంకెల్లో కావాలనే కొంత గందరగోళం కలిపారు, అది చిన్న బ్లాకుల్లోనే బాగా కొడుతుంది. నగరంలోని 77 కమ్యూనిటీ ఏరియాలకు సెన్సస్ బ్యూరో విడిగా లెక్కలివ్వదు, ట్రాక్టులు కూడుకోవాలి.

అలా కూడేటప్పుడు సౌత్ లాన్‌డేల్ దగ్గర ఆగు. అది మెక్సికన్ల పేట, లిటిల్ విలేజ్ అంటారు. అక్కడ ఒక ట్రాక్టులో ఆడవాళ్లకంటే మగవాళ్లు విపరీతంగా, నల్లవాళ్లు చుట్టుపక్కలకంటే బాగా ఎక్కువగా కనిపిస్తారు. అక్కడ కుక్ కౌంటీ జైలుంది. ఖైదీలను సెన్సస్ జైలు చిరునామా మీదే రాసుకుంటుంది. పి5 పట్టికలో జైళ్లు, హాస్టళ్లలో ఉన్నవాళ్ల సంఖ్య ఉంటుంది. ప్రతి ట్రాక్టుకూ అది చూసి, జనాభాలో పెద్ద భాగమైతే పక్కన గుర్తు పెట్టు. యూనివర్సిటీ హాస్టళ్లున్న చోటా ఇదే తంతు.

లెక్కలో తప్పిపోయినవాళ్ల మాట. దేశం మొత్తం మీద 2020లో హిస్పానిక్‌లు 4.99 శాతం, నల్లవాళ్లు 3.30 శాతం తక్కువగా లెక్కకొచ్చారని బ్యూరో తర్వాత చేసిన సర్వేలోనే తేలింది. నగరాలకు అలాంటి అంచనా ఇవ్వలేదు, కాబట్టి షికాగో అంకెను 4.99తో పెంచెయ్యకు. ఒక వాక్యంలో చెప్పి ఊరుకో.

రేస్, హిస్పానిక్ వివరాలు ఎలా అడగాలో చెప్పే 1997 నాటి నిబంధన 2024 మార్చిలో మారింది. దాని ప్రకారం రెండు ప్రశ్నలు కలిసి ఒకటవుతాయి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికావాళ్లకు విడి గడి వస్తుంది. మారడానికి ప్రభుత్వ సంస్థలకు అప్పట్లో 2029 మార్చి దాకా గడువిచ్చారు. అందుకని నీ పట్టిక కింద ఈ వరుస తప్పకుండా పెట్టు: ‘షికాగో నగరం హద్దుల మేరకు, 2020 సెన్సస్, పట్టిక పి2. హిస్పానిక్‌లు ఏ రేస్‌వాళ్లైనా కావచ్చు. మిగతా గుంపుల్లో హిస్పానిక్‌లు లేరు. 1997 నాటి వర్గీకరణ ప్రకారం.’

ట్రాక్టుల షీట్ అయ్యాక పంపు, కూడికలు చూస్తాను.

నాన్న