నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చిన ఆ డెప్యూటీకి

నాన్న దొరికారు, బాగున్నారు. ఫోన్లు, మెసేజీలు చేస్తున్న అందరికీ ముందు ఈ ఒక్క ముక్క. ఎవరికీ విడివిడిగా జవాబు ఇచ్చే ఓపిక లేదు. నిద్ర కూడా సరిగా లేదు, అక్షరాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకుని చదవండి.

పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్ అని డల్లాస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వైపు వెళ్ళాం, టెర్లింగ్వా దగ్గర ఒక కేబిన్ తీసుకున్నాం. నాన్నకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉందని దగ్గరివాళ్ళకి తెలుసు. మిర్యాలగూడ డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. పొద్దంతా మామూలుగానే ఉంటారు, సాయంత్రమయ్యేసరికి మళ్ళీ డ్యూటీ గుర్తొస్తుంది. ఆరోజు చీకటి పడే వేళ, అందరం ఇంట్లో ఉండగానే, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

అది ఎలాంటి చోటో చెప్పకపోతే మీకు అర్థం కాదు. బ్రూస్టర్ కౌంటీ (కౌంటీ అంటే ఇక్కడి జిల్లా లాంటిది), టెక్సాస్‌లో అన్నిటికంటే పెద్దది. మన పాత ఉమ్మడి నల్లగొండ జిల్లా కంటే ఇంకా పెద్దది. నల్లగొండలో 2011 లెక్కల ప్రకారం దాదాపు 35 లక్షల మంది ఉంటే ఇక్కడ 2020 లెక్కల్లో తొమ్మిదిన్నర వేలు. మిగతాదంతా రాళ్ళు, ముళ్ళు, ఎండిన వాగులు. మార్చిలో పగలు ఎండ బాగానే ఉన్నా రాత్రి చలి వణికిస్తుంది, నాన్న ఒంటి మీద చొక్కా, కాళ్ళకి హవాయి చెప్పులు. సెల్ సిగ్నల్ లేదు, కేబిన్‌లో వైఫై ఉంది కాబట్టి 911, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు, కలిసింది. ఫోన్ ఎత్తినావిడ ఉన్నది ఆల్పైన్‌లో, అంటే మాకు 130 కిలోమీటర్ల దూరంలో.

షెరీఫ్ ఆఫీసు, అంటే కౌంటీ పోలీసుల నుంచి వచ్చింది ఒక్క డెప్యూటీ. చిన్నవాడే, మా తమ్ముడి వయసుంటుందేమో. నేను ఏడుస్తూ నాన్న ఎత్తు, చొక్కా రంగు, మందులు అన్నీ ఒకేసారి చెప్తుంటే అన్నీ రాసుకుని, ఆఖర్న అతను అడిగింది ఒక్కటే. ఆయన ఏం పని చేసేవారు? బస్సు నడిపేవారని చెప్పాను. అయితే కొండల వైపు వెళ్ళి ఉండరు, ముందు రోడ్డు చూద్దాం అన్నాడు. టార్చి నేలకి ఆనించినంత కిందకి పట్టుకుని, మట్టి రోడ్డు మీద వెలుగు అడ్డంగా పడేలా తిప్పుతూ వెళ్ళాడు. అలా పడితే అడుగు జాడకి నీడ లేస్తుందట, చెప్పు గుర్తు కనిపిస్తుందట. నాకు ఒట్టి మట్టే కనిపించింది. అతనికి మా నాన్న కనిపించారు.

దొరికింది రాత్రి పది దాటాక, ఒక గొర్రెల కంచె గేటు దగ్గర, బస్సు కోసం నిలబడి ఉన్నారట. కానీ బండి ఎక్కనంటే ఎక్కనన్నారు. ఇంగ్లీషు రాదు, ఎదురుగా పోలీసు. అతను లైట్లు ఆర్పేసి, టోపీ తీసేసి, పక్కనే నిలబడి ఆల్పైన్‌కి రేడియోలో చెప్పాడు. అక్కడ 911 ఫోన్ ఎత్తిన ఆ డిస్పాచరమ్మ నా ఫోన్‌ని రేడియో మైకుకి ఆనించి పెట్టింది. పోలీసు రేడియోలో నేను తెలుగులో అరిచాను, నాన్నా, డిపో బండే అది, ఎక్కు అని. కాసేపు గరగర. తర్వాత నాన్న గొంతు, చాలా కోపంగా: "డ్రైవర్ని వెనక కూసోమంటడేందే?"

వాళ్ళ బండ్లలో వెనక సీటు అంటే ఖైదీలు కూర్చునే చోటు, మధ్యలో జాలీ ఉంటుంది. విషయం చెప్పాను. ముందు సీటు మీదున్న సామానంతా తీసి వెనక పడేసి నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కేబిన్ ముందు దిగాక నాన్న లోపలికి రాలేదు. సంతకం కావాలన్నారు. డ్యూటీ దిగితే సంతకం పడాలి కదా. నేను తలకొట్టుకుంటూ అతనికి తర్జుమా చేసి చెప్పి, వదిలేయండి అన్నాను. అతను వదలలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, కాగితం చింపి, సంతకం పెట్టాడు, గడియారం చూసి టైం కూడా వేశాడు. రెండు చేతులతో ఇచ్చాడు. నాన్న చదివి మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళి పడుకున్నారు. అప్పటిదాకా ఎలాగో నిలబడ్డదాన్ని, అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. తమ్ముడూ, నీ మేలు మరువను.

మా ఆయన, తమ్ముడు, అమ్మ, అందరూ ఉన్నారు, వాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం కడుపులో ఉంచుకోలేను. టెక్సాస్‌లో పెద్దవాళ్ళు తప్పిపోతే సిల్వర్ అలర్ట్ అని అందరికీ తెలిసేలా ప్రకటన ఇస్తారు. దానికి 65 ఏళ్ళు నిండాలి లేదా అల్జీమర్స్ ఉండాలి, జబ్బు ఉందని డాక్టర్ కాగితం ఉండాలి, ఇక్కడిదాకా సరే. టెక్సాస్‌లో కాపురం ఉంటున్న మనిషి అయి కూడా ఉండాలి! మరి ప్రతి ఏడూ మనలాంటి వాళ్ళ ఇళ్ళకి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు తప్పిపోతే? వాళ్ళకి చలి వేయదా? ఇంకొకటి, ఈ కౌంటీలో పెద్ద ముక్క నేషనల్ పార్కే, ఎనిమిది లక్షల ఎకరాలు, ఫెడరల్ భూమికి ఆస్తి పన్ను రాదు. మనం టూరిస్టులం వెళ్ళి చూసి వస్తాం, ఆపదొస్తే 911 కొడతాం, ఆ వచ్చే మనిషి జీతం మాత్రం చాలావరకు ఆ తొమ్మిదిన్నర వేల మంది చూసుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్స్ గురించి అడగకండి, పాత జబ్బు అని చెప్పి చేతులు దులుపుకున్నారు.

అయ్యో, పక్క కేబిన్ హ్యూస్టన్ దంపతుల్ని మరిచాను, వాళ్ళ కుక్కని తీసుకుని వాగు వెంట వెతికారు. అంబులెన్స్‌లో వచ్చి నాన్న బీపీ, షుగర్ చూసిన ఇద్దరికీ దండాలు. బోర్డర్ పెట్రోల్ వాళ్ళు కూడా వచ్చారు, ఆ ఆకుపచ్చ చారల బండి చూడగానే నేను పరిగెత్తి అమ్మానాన్నల పాస్‌పోర్టులు తీసిపెట్టుకున్నాను, వాళ్ళు ఒక్క కాగితం అడగలేదు. హైదరాబాద్‌లో డాక్టర్‌ని పట్టుకుని మందుల చీటీ పంపించిన మా వదినకి కూడా దండాలు.

కేబిన్ ఓనరమ్మా, మా అమ్మ ఫ్రిజ్‌లో ఒక సీసా వదిలేసింది. అది ఆవకాయ. మీకే, కొంచెం చూసి తినండి.