మాంజాకు చిక్కిన పక్షులను కాపాడేవారికి చేయూతనివ్వాలి

సంపాదకులకు,

సంక్రాంతి ముగిసిన చాలా రోజుల వరకు హైదరాబాద్‌లో చెట్లకు, కరెంటు తీగలకు వేలాడే గాలిపటాల దారం మాంజాలో గద్దలు, కొంగలు, గుడ్లగూబలు చిక్కుకుంటూనే ఉంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా అమ్మకాలు ఆగలేదు. కుళ్లని, సులభంగా తెగని ఆ దారం పక్షి పెనుగులాడేకొద్దీ రెక్కను మరింత లోతుగా కోస్తుంది. సమాచారం అందగానే వచ్చే స్వచ్ఛంద కార్యకర్తల సేవ ఎంతో విలువైనది. వారు వచ్చేలోగా దారాన్ని లాగకుండా, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నందున నోట్లో నీళ్లు పోయకుండా, చేతికందిన పక్షిని గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో నిశ్శబ్దంగా ఉంచాలి. ఎత్తయిన కొమ్మల నుంచి, తీగల నుంచి పక్షులను దించడానికి అగ్నిమాపక, విద్యుత్ సిబ్బంది ఈ కార్యకర్తలకు తప్పనిసరిగా తోడ్పడాలని, పండుగ కాగానే మిగిలిన మాంజాను నగరపాలక సంస్థ తొలగించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్