గీతలు పడటానికి కారణం మెషీన్ కాదు, నాజిళ్లు

సంపాదకులకు,

అపార్ట్‌మెంట్ సెల్లార్లు, టైల్స్ పరిచిన పార్కింగ్‌లు కడగడానికి చాలా సంఘాలు సర్ఫేస్ క్లీనర్లు (ప్రెషర్ వాషర్‌కు తగిలించి నేల కడిగే గుండ్రటి డిస్క్‌లు) కొంటున్నాయి. డిస్క్ ఎంత పెద్దదైతే పని అంత త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. చూడాల్సింది పంపు నిమిషానికి ఇచ్చే నీరు. 6 లీటర్ల ఇంటి మెషీన్‌కు 12 అంగుళాలు దాటకూడదు. 15 లీటర్లకు 16 అంగుళాలు సరిపోతుంది. అంతకు మించితే డిస్క్ కింద నాజిళ్లు (నీరు చిమ్మే మూతులు) బిగించిన కడ్డీ నెమ్మదిగా తిరుగుతుంది, నేల మీద వలయాలు మిగులుతాయి.

డిస్క్‌తో వచ్చిన నాజిళ్లనే ఉంచేయడం ఇంకో తప్పు. 15 లీటర్లు, 200 బార్ పీడనం ఇచ్చే మెషీన్‌కు రెండు నాజిళ్ల కడ్డీలో 25025 నంబరు నాజిళ్లు వేయాలి. మొదటి 25 నీరు విచ్చుకునే కోణం, చివరి 025 రంధ్రం సైజు. వీటితో పీడనం 173 బార్ దాకా తగ్గినా పని నడుస్తుంది. 020 వేస్తే రంధ్రాల సైజు చాలదు. పీడనం హద్దు దాటి, అన్‌లోడర్ (అదనపు పీడనాన్ని తగ్గించే వాల్వ్) నీటిని వెనక్కి మళ్లిస్తుంది. నాజిల్ చీలిక కడ్డీ పొడవునే ఉండాలి, లేకుంటే చారలు ఖాయం. ఒక నాజిల్‌లో ఇసుక రేణువు ఇరుక్కున్నా అంతే. ఇన్‌లెట్ ఫిల్టర్ లేకుండా బోరు నీటితో నడపడం మొండితనమే!

బ్లీచింగ్ ద్రావణాన్ని స్వివెల్ (కడ్డీ తిరిగే కీలు) గుండా పంపకండి, సీళ్లు పాడవుతాయి. విడిగా చల్లి, తర్వాత కడగాలి. పేవర్ బ్లాకుల సందుల్లో ఇసుక లేచిపోతే పీడనం తగ్గించి, ఆరాక మళ్లీ ఇసుక నింపాలి.

— ప్రెషర్ వాషర్ మెకానిక్, హైదరాబాద్