థైరాయిడ్ రిపోర్టులో రక్తం తీసిన టైమ్ ఎందుకు ఉండదు?

సంపాదకులకు,

విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతున్నాను. చుట్టూ డాక్టర్లు, ల్యాబులే. అందుకని తరచూ ఎవరో ఒకరు రెండు థైరాయిడ్ రిపోర్టులు కౌంటర్ మీద పరిచి, "వీటిలో ఏది కరెక్టండీ?" అని అడుగుతుంటారు. రెండూ కరెక్టే కావచ్చంటే నమ్మరు. ల్యాబువాళ్లు మోసం చేశారనే అంటారు. మోసాలు అసలు లేవని నేననను గానీ, ఈ తేడాల్లో చాలావాటికి కారణం అది కాదు. అసలు కారణం చెప్పే నాథుడే లేడు.

మొన్న ఒకావిడ తెచ్చిన కాగితాలే చూడండి. ఒకదానిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి పని మందగిస్తే పెరిగే హార్మోన్) 4.6, పక్కనే లావు అక్షరాల్లో ‘హై’. రెండోదానిలో 4.4, ఏ గుర్తూ లేదు. మొదటి ల్యాబులో నార్మల్ పై హద్దు 4.2, రెండోచోట 5.5. వాడే మిషన్, కిట్‌ను బట్టి ఆ హద్దు మారుతుంది. అంటే ఆవిడ ఒంట్లో మారిందేమీ లేదు. కానీ ‘హై’ చూసి రాత్రంతా నిద్రపోలేదట. 25 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర మానేసి 50ది వేసుకోనా అని నన్నడుగుతోంది! డాక్టర్ని అడక్కుండా డోసు ముట్టుకోవద్దని చెప్పి పంపాను.

వేళ సంగతీ ఉంది. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక బాగా పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి పొద్దున్నే, ఇంకోసారి భోజనమయ్యాక రక్తం ఇస్తే అంకె మారక ఏమవుతుంది? ఇంటికొచ్చి ఆరింటికే శాంపిల్ తీసుకెళ్లినా, కంప్యూటర్లో ఎక్కించిన పది గంటల టైమే కొన్ని రిపోర్టుల్లో పడుతోంది. దాన్ని పట్టుకుని పాత రిపోర్టుతో ఏం పోల్చుకుంటాం?

జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలది ఇంకో తంటా. వాటిలో 5, 10 మిల్లీగ్రాముల డోసులు మామూలే. కొన్ని రకాల పరీక్షల్లో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్‌ను) ఎక్కువగా చూపిస్తుంది. చూసినవాళ్లకు థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువైందేమో అనిపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. బయోటిన్ డోసు ఎక్కువైతే ఇంకా ముందే. నా షాపులో జోరుగా అమ్ముడయ్యే సరుకు గురించే చెబుతున్నాను, ఇందులో నాకొచ్చే లాభమేమీ లేదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునే తీరు కూడా అంకెను మారుస్తుంది. పరగడుపున నీళ్లతో వేసుకుని, టిఫినుకు కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడూ కలిపి ఒకే గుక్కలో మింగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే టీఎస్‌హెచ్ కుదురుకుంటుంది, పదిహేను రోజులకే చేయించుకున్న పరీక్ష డబ్బు దండగ. ఇక గర్భిణుల లెక్కే వేరు. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది కాబట్టి మామూలు హద్దులతో పోల్చకూడదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. థైరాయిడ్ రిపోర్టు మీద రక్తం తీసిన అసలు టైమ్, పరీక్ష చేసిన పద్ధతి, రోగి వాడుతున్న మందులు తప్పనిసరిగా వేయాలని ల్యాబులకు చెప్పాలి. పేరు, వయసు, ఫోన్ నంబరు ఎలాగూ రాసుకుంటున్నారు, మందుల కోసం ఇంకో గడి పెట్టడానికి ఖర్చేమీ కాదు. పాత రిపోర్టు అదే ల్యాబుదైతే ఆ అంకెనూ పక్కనే ముద్రిస్తే డాక్టర్లకు కూడా పని సులువవుతుంది.

– ఒక ఫార్మసిస్టు, సూర్యారావుపేట, విజయవాడ