షిమ్ పెట్టేముందు మందం చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్ల మరమ్మతు గురించి మీ సాంకేతిక పేజీలో రాస్తూ, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) కింద రాగి షిమ్, అంటే నడుమ కిటికీ ఉన్న పల్చటి రాగి చట్రం, పెడితే ప్రాసెసర్‌కు రక్షణ అన్నారు. తెనాలిలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నవాడిగా ఒక మాట చెప్పాలి. ఆ సలహా సగమే నిజం.

2000లో ఏఎండీ కంపెనీ తెచ్చిన డ్యూరాన్, థండర్‌బర్డ్ అథ్లాన్ చిప్పులకు పైన లోహపు మూత ఉండేది కాదు. నడుమ సిలికాన్ డై (లెక్కలు చేసే అసలు ముక్క), నాలుగు మూలలా మెత్తటి గుండ్రటి ప్యాడ్లు, అంతే. హీట్ సింక్ క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు చెయ్యి కాస్త ఒరిగితే బరువంతా డై అంచు మీద పడి మూల రాలిపోయేది. నా చేతిలోనూ ఒక డ్యూరాన్ అలాగే పోయింది. ఆ భయంతోనే 2001లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు థండర్‌బర్డ్ బిగిస్తూ షిమ్ పెట్టాను. ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు, ఇంతలో కాలిన వాసన. విప్పి చూస్తే హీట్ సింక్ అడుగున షిమ్ అచ్చు ఉంది గానీ డై అచ్చు లేదు. షిమ్ డై కన్నా వెంట్రుకవాసి ఎత్తుంది, హీట్ సింక్ దాని మీదే ఆగిపోయింది. వేడెక్కితే ఆగిపోవడానికి ఆ చిప్పులో ఉష్ణోగ్రత కొలిచే డయోడ్ కూడా లేదు. కొత్త ప్రాసెసర్ నా డబ్బుతోనే కొనిచ్చాను.

ఇంకోటి. ఆ చిప్పుల పైభాగాన కరెంటు పారే సన్నటి బ్రిడ్జ్ గీతలుంటాయి. పూత లేని రాగి వాటి మీదికి జరిగితే షార్టే. అందుకే ఇప్పుడు ఎవరైనా పాత అథ్లాన్ తెస్తే షిమ్ జోలికి పోను. బోర్డును బల్ల మీద పడుకోబెట్టి, ఏఎండీ చెప్పిన 300 గ్రాములకు మించని హీట్ సింక్ తీసుకుని, నిటారుగా దించి బిగిస్తాను. ఒకసారి విప్పి, వేడి దాటడానికి మధ్యలో పూసిన పేస్ట్ మీద డై అచ్చు పూర్తిగా పడిందో లేదో చూస్తాను. పడకపోతే కరెంటు ఇవ్వను. మూత ఉన్న పెంటియం 4, అథ్లాన్ 64లకు ఈ బాధే లేదు.

పోయిన వారం ఒక పాలిటెక్నిక్ కుర్రాడు మీ పేజీ చదివి, లాప్‌టాప్‌తో పాటు రాగి ముక్క తెచ్చాడు. అది నడుమ కిటికీ ఉన్న చట్రం కాదు, బిళ్ల. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పుకూ హీట్ సింక్‌కూ మధ్య ఖాళీ నింపడానికి, వేడిని దాటించే మెత్తటి ప్యాడ్ బదులు వాడేది. రెండింటినీ షిమ్ అనే అంటారు, పనులు మాత్రం వేరు. బిళ్ల మందం ఎక్కువైతే హీట్ సింక్ ఒక పక్క లేచి, పక్కనున్న ప్రాసెసర్‌ను వదిలేస్తుంది. కుర్రాడి లాప్‌టాప్‌లో పాత ప్యాడ్ బాగానే ఉంది. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు పేస్ట్ మార్చి పంపించాను.

ఈ తేడాను దయచేసి అదే పేజీలో వివరించండి. ఇంకెవరూ రాగి ముక్క కొనకముందే.

— కంప్యూటర్ మెకానిక్, తెనాలి