కంబాలకొండ అంచున కార్చిచ్చు: జిల్లా అటవీ అధికారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా అటవీ అధికారి గారికి,

నమస్కారం. తుఫాను వానలకు ఏపుగా పెరిగిన కొండగడ్డి ఫిబ్రవరికల్లా ఎండి, ఏప్రిల్‌కి చిదిమితే పొడయ్యేంత పెళుసెక్కుతుంది. అమెరికాలోని మొజావే ఎడారిలోనూ ఇంతే. పొదల మధ్య ఖాళీ నేలను పరాయి గడ్డి కప్పేసింది. 2020 ఆగస్టులో అక్కడ డోమ్ అనే ఒక్క కార్చిచ్చులోనే 10 లక్షలకు పైగా జాషువా చెట్లు (ఆ ఎడారిలో పెరిగే యుక్కా జాతి చెట్లు) కాలాయి. ఎడారిలో కాలడానికేముంది అనేవాళ్లకు అదే జవాబు. మన కొండలకు లాంటానా అనే పరాయి పొదలు అదనం.

ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి కోసి వదిలే ఖాళీ పట్టీలు, జనవరి నెలాఖరుకే పూర్తి చేయించండి. వెడల్పు గడ్డి ఎత్తుకు కనీసం 3 రెట్లుండాలి. వాలు మీద అదీ చాలదు: పైకి పాకే మంట ఎగువ గడ్డిని ముందే వేడెక్కిస్తుంది, వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే లైను కొట్టీ దండగే. దాన్ని అక్కణ్ణుంచి తరలించాలి.

మంట ఆర్పేవాళ్లకు శిక్షణ కావాలి. పచ్చి కొమ్మను పైకెత్తి బాదితే నిప్పురవ్వలు అవతల పడతాయి. గాలి ఆడకుండా అదిమి, కాలిన వైపుకే ఊడ్చాలి. మంటకు ఎగువన ఎవరూ నిలబడకూడదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే అప్పటిదాకా పక్కకు మెల్లగా పాకిన మంటే గాలివాటున దూసుకెళ్లే ముందుమంట అవుతుంది. ఆరాక మొద్దుల దగ్గర చేతి వెనకవైపుతో వేడి చూసి, తవ్వి, నీళ్లు పోయాలి. మళ్లీ రాజుకునేది అక్కడే.

ఉపగ్రహ హెచ్చరికలున్నాయి కదా అంటారు. ఉపగ్రహాల్లో ఉండి మంటల వేడిని పసిగట్టే వీఐఐఆర్ఎస్ పరికరం నేలను చూసేది 375 మీటర్ల గళ్లుగా, అదీ రోజుకి కొన్నిసార్లే. పొద కింద రాజుకునే నిప్పు తప్పించుకోవచ్చు. మార్చి నుంచి మే దాకా కొండమీద కాపలా మనిషిని పెట్టి, ఆయన ఫోను నంబరు ప్రతి కాలనీ మొదట్లో గోడమీద రాయించండి.

ఇట్లు,
కొండ దిగువ కాలనీల వాసులు