రోడ్డు దాటడానికి నాలుగు రోజులు

ఒరేయ్ సన్యాసీ,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలైంది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, తిట్టుకో. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది, నిన్నడిగింది. పిల్లలు మామూలే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

కొట్లో గొడుగులు ఆన్‌లైన్‌లో కూడా పెట్టానని చెప్పానా? చెప్పలేదేమో. (నువ్వు బస్సుల్లో వదిలేసినవన్నీ తెచ్చిస్తే రెండో కొట్టు తెరుస్తాను.) పోయిన వారం ఓ ఆర్డరొచ్చింది. నల్ల మడత గొడుగు. లేబుల్ అతికిస్తూ చూద్దును కదా, మా ఎదురింటి నంబరు! తలెత్తితే ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

దాటి చేతికిచ్చేద్దామనుకున్నా. కుదరదట! కొరియర్ అబ్బాయి స్కాన్ చేస్తేనే పంపినట్టు లెక్క. లేకపోతే డబ్బూ రాదు, ఆర్డరెగ్గొట్టానని నా రేటింగూ పోతుంది. చచ్చినట్టు వ్యానెక్కించాను. ఊరవతల గోడౌను, అక్కణ్నుంచి వేరే ఊళ్ళో సార్టింగ్ సెంటరు, మళ్ళీ వెనక్కి. పరీక్ష రాయడానికెళ్ళిన పిల్లాణ్ని కనిపెట్టుకున్నట్టు రోజూ ట్రాకింగ్ చూసుకున్నాను.

మూడోనాడు వాన. ఆయన నెత్తిన పేపరు పెట్టుకుని మా కొట్టు ముందునుంచే పరుగు! పిలిచి అలాంటి గొడుగే ఒకటి చేతిలో పెట్టాను. "నాది దార్లో ఉందండీ, రాగానే ఇచ్చేస్తా" అన్నాడు. ఏ దార్లో ఉందో నాకు తెలుసు గానీ నోరు పెగల్లేదు.

మర్నాడు రెండూ పట్టుకొచ్చి, "అచ్చం ఒకేలా ఉన్నాయే!" అన్నాడు. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ముందు నవ్వాడు. తర్వాత మెల్లిగా, "మీ కొట్లోకొస్తే పది విప్పించి చూసి, నచ్చకపోయినా ఏదోటి కొనాలి కదండీ, మొహమాటం" అన్నాడు. నేనేమో ఇన్నాళ్ళూ జనం ధర కోసమే అటు పోతున్నారనుకున్నాను. కమీషనూ కొరియరూ కలిపి అక్కడ నేను పెట్టిందే ఎక్కువ! మొహమాటం లేకుండా ఉండటానికి డబ్బు కట్టాడన్నమాట. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదురా. నేను గానీ మరీ మీద పడి అమ్ముతానా... సరే వదిలేయ్.

నీకో తమాషా. 1984లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 72 ఏళ్ళ పెద్దావిడ టీవీ రిమోట్‌తో కోడిగుడ్లూ అవీ తెప్పించుకుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్న తొలివాళ్ళలో ఆవిడొకరు. సరుకు తెచ్చిచ్చింది మాత్రం అక్కడి కొట్టువాళ్ళే. వాళ్ళని రోడ్డు దాటనిచ్చారు మరి!

అన్నట్టు, ఆయనిచ్చిన రేటింగ్ మూడు నక్షత్రాలు. "వస్తువు బాగుంది, ఆలస్యంగా వచ్చింది."

వ్యానొచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. ఇంకో ప్యాకెట్టుంది, అడ్రసు ఇంకా చూళ్ళే